ఉక్కు, అలంకారం, పేరు: పాత ఖడ్గాల ప్రామాణికత – పల్నాటి వీరారాధన నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
యుద్ధకాలపు పాత ఖడ్గాలను, ముఖ్యంగా బంగారు వెండి పనితనం ఉన్నవాటిని సేకరించేవారికీ, అలాంటి ఆయుధాలను తరతరాలుగా వేల్పుల గూళ్లలో కొలిచేవారికీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ‘ఇది అసలైనదేనా?’ అయితే ఆ ఇద్దరి మాటల్లో ‘అసలు’ అనే పదానికి అర్థం ఒక్కటి కాదు. ఒక ఖడ్గంలో ఉక్కు, అలంకారం, పేరు అనే మూడు పొరలు ఉంటాయనీ, ఒక్కొక్క పొరకు దాని కాలమూ దాని సాక్ష్యమూ వేరుగా ఉంటాయనీ, ఒక పొర సాక్ష్యాన్ని మరొక పొరకు వాడుకోవడమే ప్రామాణికత వివాదాలకు మూలమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కారెంపూడి వీరారాధన, కోనసముద్రం ఉక్కు, ‘అసదుల్లా’ ముద్రలు, వేమన మకుటం, పల్నాటి వీరచరిత్ర కర్తృత్వ చర్చ ఇందుకు ఆధారాలు. దర్శి, వినుకొండ, అద్దంకి ప్రాంతాల పల్లెల్లోని ఆయుధాలను నమోదు చేయవలసిన తీరును చివర సూచిస్తుంది.

కీలకపదాలు: ఖడ్గం, ప్రామాణికత, పల్నాటి వీరచరిత్ర, వీరారాధన, కారెంపూడి, దర్శి, మకుటం, పాఠపరిష్కరణ, కోఫ్త్‌గరీ.

1. ఉపోద్ఘాతం:

ప్రకాశం జిల్లాలోని దర్శి పత్తి, మిరప పండే మైదానానికీ పల్నాటికీ సరిహద్దులాంటి ప్రాంతం. ఉత్తరాన వినుకొండ, తూర్పున అద్దంకి, దక్షిణాన పొదిలి. సా.శ. 848 ప్రాంతానికి చెందిన పండరంగని అద్దంకి శాసనం ఈ నేలమీది దండయాత్రను తరువోజలో చెప్పింది. తెలుగు పద్యచరిత్ర తొలి పుటల్లోనే యుద్ధం ఉందనడానికి అది నిదర్శనం. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేది. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి ప్రచురించిన నెల్లూరు జిల్లా శాసన సంపుటాల్లో దర్శి తాలూకా శాసనాలకు ప్రత్యేక విభాగం ఉంది. ఏ ఊళ్లో, ఏ గుడిముందు, ఏ రాతిమీద ఏమి రాసి ఉందో నూటపదిహేనేళ్లకు మునుపే నమోదయింది.

రాతికి దక్కిన ఆ శ్రద్ధ ఇనుముకు దక్కలేదు. ఈ ప్రాంతపు గ్రామదేవతల గుళ్లలో, ఇంటివేల్పుల గూళ్లలో కత్తులు, శూలాలు, ఈటెలు పూజలందుకుంటాయి. అంకమ్మ కొలుపుల్లో పంబలవారి కథాగానం పక్కన కత్తికి తనదైన చోటు ఉంది. దసరాకు ఆయుధపూజ నాడు పలుగు, పార, నాగలితో పాటు పాతకత్తి కూడా బయటికి వస్తుంది. ఈ కత్తులకు శాసనసంపుటం లేదు. వాటిని గురించి తెలిసినదంతా కాపాడుతున్నవారి నోటిమాట. ఆ నోటిమాటకు, పాతవస్తువుల విపణి అడిగే రుజువుకు మధ్య ఉన్న అంతరంలోనే ప్రామాణికత సమస్య పుడుతుంది.

ఈ సమస్యను సాధారణంగా రెండు విధాలుగా తేల్చేస్తారు. ‘శాస్త్రపరీక్షకు నిలవనిదంతా నకిలీ’ అనేది ఒకటి. ‘నమ్మేవారికి అది నిజం, పరిశోధకుడు అందులో వేలు పెట్టకూడదు’ అనేది రెండోది. మొదటిది కత్తిని కేవలం లోహంగా చూస్తుంది. రెండోది మర్యాదగా కనిపించినా, విశ్వాసాన్ని అమ్మకపు సరుకుగా మార్చేవారికి తలుపు తెరిచి పెడుతుంది. ఈ రెండింటికీ భిన్నమైన మార్గం తెలుగు సాహిత్యపరిశోధనలోనే ఉంది. అది పాఠపరిష్కరణ. ఒక తాళపత్రప్రతి వయస్సు వేరు, అందులోని పాఠం వయస్సు వేరు, దానికి తగిలించిన కవిపేరు వయస్సు వేరు అని పరిష్కర్తలు ఎన్నడో గుర్తించారు. ఖడ్గాన్ని చదవడానికి కూడా ఆ పద్ధతి సరిపోతుంది.

2. ఒక కత్తి, మూడు కాలాలు:

ఖడ్గం ఒకేసారి పుట్టి అలాగే ఉండిపోయే వస్తువు కాదు. అలుగు, అంటే కత్తి పదునుభాగం, యుద్ధంలో విరగకపోతే శతాబ్దాలు నిలుస్తుంది. పిడి అరుగుతుంది, వదులవుతుంది, కొత్త యజమాని చేతికీ అభిరుచికీ తగినట్టు మారుతుంది. ఒర తోలుదీ కట్టెదీ కాబట్టి అన్నిటికంటే ముందు పోతుంది. దక్కనులో ఐరోపా నుంచి వచ్చిన నిటారు అలుగులకు ఇక్కడి పిడులు బిగించి వాడేవారు. వాటికి ‘ఫిరంగి’ అన్న పేరే వాటి పుట్టుకను చెబుతుంది. అలాంటి కత్తిని ‘విదేశీయం’ అనాలా ‘దేశీయం’ అనాలా అని అడిగితే సమాధానం ఉండదు. ఏ భాగాన్ని గురించి అడుగుతున్నారో ముందు చెప్పాలి.

అలంకారం సంగతి ఇంకా చిక్కు. కోఫ్త్‌గరీ పనిలో ఉక్కు ఉపరితలాన్ని సన్నని అడ్డుగీతలతో గరుకుచేసి, బంగారు లేదా వెండి తీగను దానిమీద పరచి సుత్తితో కొట్టి పట్టిస్తారు. తహ్‌నిశాన్ పనిలో ఉక్కును లోతుగా చెక్కి ఆ గాడిలో లోహాన్ని నింపుతారు. మొదటిదానికి లోహం తక్కువ చాలు, చేయడం సులువు, అరిగిపోవడమూ సులువే. అందువల్ల పాత అలుగుమీద తర్వాతి కాలంలో కొత్త కోఫ్త్‌గరీ వేయించడం అరుదైన విషయం కాదు. ఉదయ్‌పూర్‌లో సిక్లీగర్ వృత్తివారు ఈ పనిని ఇప్పటికీ చేస్తున్నారు. వారి చేతిపని నకిలీ కాదు, సజీవమైన కళ. నిన్న వేసిన పువ్వును ఔరంగజేబు కాలపు పువ్వుగా చెప్పి అమ్మినప్పుడే మోసం మొదలవుతుంది. నకిలీతనం వస్తువులో కంటే దాన్ని గురించి చెప్పే వాక్యంలో ఉంటుందన్నమాట.

మూడో పొర పేరు. ‘ఇది ఫలానా వీరుడిది’, ‘ఫలానా యుద్ధంలో వాడినది’ అనే వాక్యం అలుగుతో పాటు పుట్టి ఉండవచ్చు, మూడు వందల ఏళ్ల తర్వాత చేరి ఉండవచ్చు. విపణిలో ధర ఎక్కువగా ఈ మూడో పొరకే పలుకుతుంది. 2023 మే 23న లండన్‌లో బోనమ్స్ వేలంలో టిప్పు సుల్తాన్ శయనమందిర ఖడ్గం కోటి నలభై లక్షల పౌండ్లకు పైగా పలికింది. ఆ ధర ఉక్కుకూ బంగారానికీ మాత్రమే కట్టినది కాదు. 1799 మే 4న శ్రీరంగపట్నం పతనమైన తర్వాత ఆ కత్తిని డేవిడ్ బెయిర్డ్‌కు బహూకరించారన్న లిఖితసాక్ష్యం దాని వెంట ఉంది. పేరును బలపరిచే చేతిమార్పిడుల గొలుసు ఉన్నప్పుడు మాత్రమే పేరు చరిత్ర అవుతుంది. ఆ గొలుసు లేని పేరును అబద్ధమని కొట్టివేయడానికి వీల్లేదు, నిజమని అమ్మడానికీ వీల్లేదు. అది కథగా నిలుస్తుంది. కథను చదవడానికి వేరే నియమాలున్నాయి.

3. ఉక్కు చెప్పే సాక్ష్యం:

మొదటి పొరకు భౌతికసాక్ష్యం ఉంది. ఐరోపా భాషల్లో ‘వూట్జ్’గా పేరుపొందిన ఉక్కు దక్షిణభారతానిది. తెలుగు కన్నడాల్లోని ‘ఉక్కు’ అనే మాటే అక్కడ ఆ రూపం దాల్చిందని సాధారణంగా చెబుతారు. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రం ద్వారా ఆ పదం శాస్త్రలోకంలో స్థిరపడింది. ఇనుమును కర్బనమిచ్చే పదార్థాలతో పాటు మట్టిమూసలో మూసి, గంటలకొద్దీ కొలిమిలో కాల్చి, నెమ్మదిగా చల్లార్చితే అధిక కర్బనంగల ఉక్కుముద్ద వస్తుంది. దాన్ని తక్కువ వేడిమీద ఓపికగా సాగదీస్తే అలుగుమీద నీటి అలల వంటి చారలు తేలుతాయి. లోహంలో అతిస్వల్పంగా ఉండే వెనేడియం వంటి మూలకాలకు ఈ చారలు ఏర్పడడంలో ముఖ్యపాత్ర ఉందని వెర్హోవెన్, పెండ్రే 1990ల్లో చేసిన ప్రయోగాలు చూపాయి.

ఈ ఉక్కుకు ప్రసిద్ధమైన ఊళ్లలో ఒకటి నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం. అక్కడ ఉక్కు చేసే తీరును వాయ్‌సీ వర్ణించిన వ్యాసం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు వేర్వేరు చోట్ల ఇనుమును కలిపి మూసలో కరిగించడం, ఆ ఉక్కు కోసం పారశీక వర్తకులు అంతదూరం రావడం అందులో నమోదయ్యాయి. ఉత్తర తెలంగాణలో ఆ కొలిముల ఆనవాళ్లను బెంగళూరు జాతీయ ఉన్నతాధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి 2010లో సర్వే చేశారు.

ఇక్కడ ప్రామాణికత ప్రశ్న తలకిందులవుతుంది. తెలుగునేల కమ్మరి మూసలో పుట్టిన ఉక్కు ఇస్‌ఫహాన్‌లో అలుగుగా మారి ‘పారశీక ఖడ్గం’ అయింది, పశ్చిమదేశాల సంగ్రహాల్లో ‘డమాస్కస్’ అయింది. అంటే ఆ ప్రసిద్ధనామమే ఒక తప్పు చిరునామా. కోట్ల విలువచేసే ఖడ్గాలకు రాజు పేరు ఉంటుంది, వీరుడి పేరు ఉంటుంది, అప్పుడప్పుడు ఖడ్గకారుడి పేరూ ఉంటుంది. మూస ముందు చెమటోడ్చిన కమ్మరి పేరు ఎక్కడా ఉండదు. పేరును బట్టి కత్తికి విలువకట్టే పద్ధతి ఎవరి పేర్లను నిలుపుతున్నదో, ఎవరి పేర్లను చెరిపేస్తున్నదో కూడా విమర్శకుడు చూడాలి.

భౌతికపరీక్షకు ఒక హద్దు ఉంది. పొరలు పొరలుగా వేర్వేరు ఉక్కులను అతికి చేసిన ఆధునిక ‘డమాస్కస్’ను, ఆమ్లంతో పైపైన గీసిన చారలను అసలు మూస ఉక్కు నుంచి వేరుచేయడం నిపుణులకు సాధ్యమే. రూపం కూడా కొంత చెబుతుంది. గుండ్రని పళ్లెం వంటి పిడికొన ఉన్న వంపుతిరిగిన తల్వారు మొగలుల కాలంలో స్థిరపడిన రూపం కాబట్టి, అటువంటి కత్తిని 12వ శతాబ్దికి అంటగట్టడం కుదరదు. కాలం తెలిసిన వీరగల్లుల మీద చెక్కిన కత్తుల రూపాలు ఈ విషయంలో మంచి కొలబద్దలు. అయితే ఉక్కు 17వ శతాబ్దిదని తేలినంత మాత్రాన దాన్ని ఎవరు పట్టారో తేలదు.

4. సంతకం, మకుటం, కర్తృత్వం:

పారశీక అలుగుల మీద ‘అసదుల్లా ఇస్‌ఫహానీ’ అన్న ముద్ర తరచుగా కనిపిస్తుంది. షా అబ్బాస్ కాలంలో పేరుపొందిన ఖడ్గకారుడిగా అతణ్ని చెబుతారు. అయితే ఆ ముద్ర ఉన్న అలుగులు, వాటి మీది తేదీలు ఒక మనిషి జీవితకాలంలో ఇమడవు. అందువల్ల చాలామంది నిపుణులు దాన్ని వ్యక్తి సంతకంగా కాక, శ్రేష్ఠతను సూచించే బిరుదుగా, సంప్రదాయపు గుర్తుగా భావిస్తున్నారు.

తెలుగు విద్యార్థికి ఇది కొత్త సమస్య కాదు. సి.పి. బ్రౌన్ 1829లో ప్రచురించిన వేమన పద్యాలు 693. 1839 నాటి ముద్రణలో అవి 1164 అయ్యాయి. ఆ తర్వాతి సంకలనాల్లో వేలకు పెరిగాయి. అన్నిటికీ మకుటం ఒక్కటే. ఆ మకుటం ఉన్న ప్రతి పద్యమూ వేమనదే అనేవారు నేడు లేరు. మకుటం పెట్టి చెప్పిన ప్రతివాడూ మోసగాడే అనేవారూ లేరు. మకుటం ఒక వ్యక్తి పేరుగా మొదలై, ఒక రకపు మాటకు ముద్రగా మారింది. అసదుల్లా ముద్ర కూడా అలాంటి మకుటమే. తేడా ఒక్కటి: వేమన మకుటం పెట్టుకున్న పద్యానికి విపణిలో ధర పెరగదు, అసదుల్లా ముద్ర వేసిన కత్తికి పెరుగుతుంది. ఒకే సాంస్కృతికచర్య నోటిమాటలో సంప్రదాయమూ, సంతలో మోసమూ అయ్యే చోటు ఇదే.

జపాను ఖడ్గపరీక్షకులు ఈ చిక్కుకు ఒక మాట ఏర్పరచుకున్నారు. గొప్ప ఖడ్గకారుడి పేరును తర్వాత ఎవరో చెక్కినట్టు తేలితే ఆ సంతకాన్ని ‘గిమెయి’, అంటే తప్పుడు పేరు, అంటారు. సంతకం తప్పుడుదైనా కత్తి పాతదీ మంచిదీ కావచ్చునని వారికి తెలుసు. పేరుమీద తీర్పు, ఉక్కుమీద తీర్పు విడివిడిగా ఇస్తారు. ఈ విభజనే ఇక్కడ కావలసింది.

పల్నాటి వీరచరిత్ర విషయంలో తెలుగు సాహిత్యచరిత్ర చేసినదీ ఇటువంటి విభజనే. కారెంపూడి రణరంగంలో జరిగిన యుద్ధాన్ని 12వ శతాబ్ది ఉత్తరార్ధానికి చెందినదిగా పరిగణిస్తారు. సంప్రదాయం 1182 అని చెబుతుంది. మంజరీద్విపదలోని కృతి శ్రీనాథుడిదంటే అది 15వ శతాబ్దిది. యుద్ధానికీ దానికీ రెండున్నర శతాబ్దాల దూరం. ఆ కృతిని అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి ప్రకటించారు. శ్రీనాథ కర్తృత్వాన్ని సందేహించినవారూ ఉన్నారు. దీనికి సమాంతరంగా వీరవిద్యావంతుల గానపరంపర సాగుతూనే ఉంది. 1970లలో జీన్ రోఘైర్ ఆలిసెట్టి గాలెయ్య గానాన్ని నమోదుచేసి, 1982లో ఆంగ్లానువాదంతో గ్రంథంగా ప్రచురించారు. ఆ గానపాఠాన్ని ‘12వ శతాబ్ది పాఠం’ అని ఎవరూ అనలేదు, ‘నకిలీ’ అనీ అనలేదు. అది 20వ శతాబ్దిలో పాడిన, అంతకు ఎన్నో తరాల ముందు నుంచి వస్తున్న పాఠం. ఆ రెండు కాలాలనూ కలిపి పలకడమే దాని ప్రామాణికత. వీరుల కథకు అందరూ ఒప్పుకున్న ఈ న్యాయం వీరుల కత్తులకు మాత్రం అందలేదు.

5. కారెంపూడి: కొలుపులోని ప్రామాణికత:

కారెంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉంది. ఏటా కార్తికమాసం చివర అమావాస్య నుంచి అయిదు రోజులపాటు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అనే పేర్లతో వీరారాధనోత్సవాలు జరుగుతాయి. వీరుల వంశాలవారుగా, ఆచారవంతులుగా చెప్పుకొనే కుటుంబాలు ఎక్కడెక్కడి నుంచో కొణతాలు అనే వీరుల ఆయుధాలను తెచ్చి, నాగులేటిలో స్నానం చేయించి, గుడికి చేరుస్తారు. మందపోరు నాడు బ్రహ్మనాయుడి చాపకూడును స్మరించుకొంటూ అందరూ కలిసి భుజిస్తారు. కథలో సంధి చెడిన వరుస, కోడిపందెం, చివరి పోరు ఉత్సవంలో రోజులుగా మారాయి. ఆయుధం అక్కడ ప్రదర్శనవస్తువు కాదు. కథలోని పాత్ర.

అక్కడి ఒక ఆయుధాన్ని ప్రయోగశాలకు పంపితే అది 12వ శతాబ్దిది కాదని తేలవచ్చు. ఏటేటా నీటిలో ముంచి, పసుపు కుంకుమలు అద్ది, నిమ్మకాయ గుచ్చే ఇనుము త్వరగా తుప్పుపడుతుంది. పాడైనదాన్ని మార్చడం ఆచారంలో దోషం కూడా కాకపోవచ్చు. గుడి రథానికి చక్రం మారిస్తే అది కొత్త రథం కాదు. ఉత్సవవిగ్రహం జీర్ణమైతే కళాకర్షణ చేసి కొత్తదానిలో ప్రతిష్ఠిస్తారు. అదే తర్కం ఇక్కడా పనిచేస్తుంది. కొలుపులోని ప్రామాణికతకు ఆధారం లోహం వయస్సులో కంటే చేతుల వరుసలో, చేసే తిథిలో, చేసే చోటులో ఉంది. వస్తువులకూ మనుషుల్లాగే జీవితచరిత్ర ఉంటుందని మానవశాస్త్రవేత్త ఇగోర్ కోపిటాఫ్ 1986లో ప్రతిపాదించారు. సరుకుగా ఉన్న వస్తువు ఒక దశలో విపణి నుంచి తప్పుకొని పవిత్రం కావచ్చుననీ, తిరిగి సరుకు కావచ్చుననీ ఆయన చూపారు. కొణతం విపణి నుంచి తప్పుకొన్న దశలో ఉన్న ఆయుధం.

సామాజికంగా కూడా ఇది చిన్న విషయం కాదు. వీరగాథలో మాలకన్నమదాసు సేనాని. ఆ కథను తరతరాలుగా పాడి నిలిపిన వీరవిద్యావంతులు మాలలు. వారి ఆధీనంలోని ఆయుధాన్ని ‘ఇది ఆ కాలందే కాదు’ అని కొట్టివేసే పరిశోధకుడు లోహం గురించి నిజమే చెప్పి ఉండవచ్చు. కాని ఆ మాట పడే చోట ఒక సమూహపు గౌరవస్మృతి ఉంది. ఆ స్మృతికి కావలసిన సాక్ష్యం లోహంలో లేదు కాబట్టి లోహపరీక్ష దాన్ని రుజువు చేయలేదు, రద్దు చేయనూలేదు. సంస్థానాల కత్తులకు గాజుబీరువాలూ పట్టికలూ దక్కాయి. పాటకుల, పాలెగాండ్ర, పల్లె వేల్పుల కత్తులకు నోటిమాట ఒక్కటే పట్టిక. ఆ నోటిమాటను కాగితమంత జాగ్రత్తగా నమోదుచేయడం న్యాయం కూడా.

అయితే పైన చెప్పిన రెండో వైఖరిలోని ప్రమాదం ఇక్కడే బయటపడుతుంది. కొలుపులోని ప్రామాణికత ఆ చోటుకూ ఆ చేతులకూ కట్టుబడి ఉంటుంది. కత్తి అమ్ముడుపోయిన క్షణాన అది తెగిపోతుంది. కొన్నవాడి ఇంటికి ఉక్కు వెళుతుంది, నాగులేటి స్నానం వెళ్లదు. కాని అమ్మకపు మాటల్లో జరిగేది దీనికి విరుద్ధం. ‘ఎనిమిది వందల ఏళ్లుగా పూజలందుకున్న వీరుడి కత్తి’ అన్న వాక్యంలో ఆచారపు నిజాన్ని లోహపు వయస్సుకు సాక్ష్యంగా నిలబెడతారు. పూజ నిజం, పరంపర నిజం. అందులోంచి లాగిన శతాబ్ది మాత్రం నిరాధారం. కొన్నవాడు మోసపోతాడు. ఇచ్చినవారు అంతకంటే ఎక్కువ పోగొట్టుకుంటారు.

6. సేకరణ, చెదిరిపోవడం, చట్టం:

సేకరణనంతా దోపిడీగా చూడడం సరికాదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరించకపోతే హైదరాబాదులోని ఆ ఆయుధవిభాగం లేదు. నూర్జహాన్ కటారి, జహంగీర్ వేటకత్తి అనే పేర్లతో అక్కడ ఉన్న పచ్చరాతి పనితనాన్ని 1951 డిసెంబరు 16 నుంచి సామాన్యజనం చూడగలుగుతున్నారు. సేకరణ లేనిచోట ఏమవుతుందో తంజావూరు చెబుతుంది. అక్కడి రాజుల ఆయుధాగారాన్ని 1863లో విడగొట్టినప్పుడు ఎక్కువభాగం పాత ఇనుముగా పోయింది. కొన్ని మద్రాసు మ్యూజియానికి చేరాయి. ఆ సంగతిని ఎం.జె. వాల్‌హౌస్ 1878లో ఇండియన్ ఆంటిక్వరీలో రాశారు. మిగిలిన ఆయుధాలు నేడు దక్షిణాది ఆయుధచరిత్రకు ముఖ్యాధారాలు. పోయినవాటితో పాటు ఏది ఎవరిది, ఏది ఎక్కడ ఉండేది అన్న వివరమూ పోయింది.

అంటే నష్టం రెండు విధాలు: కత్తి పోవడం, కత్తి మిగిలి దాని సందర్భం పోవడం. రెండోది పైకి కనిపించదు. సందర్భం పోయిన కత్తికి కొత్త సందర్భం కల్పించడం సులువు. తెరమీది ఆయుధాలు కూడా ఇందుకు తోడ్పడతాయి. ‘పల్నాటి యుద్ధం’ 1947లోనూ 1966లోనూ, ‘బొబ్బిలి యుద్ధం’ 1964లోనూ చలనచిత్రాలుగా వచ్చాయి. వీరుడి కత్తి ఎలా ఉండాలన్న ఊహను ప్రేక్షకుడు వీరగల్లు నుంచి కాక వెండితెర నుంచి తెచ్చుకున్నప్పుడు, ఆ ఊహకు సరిపోయే కత్తే అతనికి ‘అసలు’గా తోస్తుంది. నిజంగా పాతదైన సాదాకత్తి, నగిషీ లేనందువల్ల, తుప్పుముక్కగా మిగులుతుంది.

చట్టం ఇక్కడ కొంత అండగా ఉంది. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. లైసెన్సు లేకుండా పురావస్తువుల వ్యాపారం చేయకూడదు. పత్తిచేను దున్నుతుండగా భూమిలో దొరికిన కత్తి 1878 నాటి నిధినిక్షేపాల చట్టం కిందికి వస్తుంది. పది రూపాయలకు మించిన విలువ ఉంటే కలెక్టరుకు తెలియజేయాలి. కాని చట్టం వయస్సునే కొలుస్తుంది. ఒక ఊరికి ఆ కత్తితో ఉన్న సంబంధాన్ని నమోదుచేయడం చట్టం పని కాదు. అది తెలుగుశాఖల పని.

7. నమోదుకు ఒక పద్ధతి:

జానపదసాహిత్యాన్ని బిరుదురాజు రామరాజు, వీరగాథలను తంగిరాల వెంకటసుబ్బారావు శాస్త్రీయంగా పరిశీలించినప్పుడు పాటనూ పాడేవారినీ విడదీయరాదని తెలుగు పరిశోధన నేర్చుకుంది. అదే శిక్షణతో దర్శి, పొదిలి, అద్దంకి, వినుకొండ పరిసరాల ఆయుధాలను నమోదుచేయవచ్చు. ఒక్కొక్క ఆయుధానికి మూడు పత్రాలు కావాలి.

మొదటిది ఉక్కు పత్రం. పొడవు, వెడల్పు, వంపు, పిడి తీరు, చారలు, ముద్రలు, అతుకులు, మరమ్మతులు ఇందులో రావాలి. తోమకముందే ఛాయాచిత్రం తీయాలి. పూజకు ముందు చింతపండుతో, బూడిదతో మెరిసేలా తోమితే అరిగిన అక్షరాలూ నగిషీ ఆనవాళ్లూ శాశ్వతంగా పోతాయి. ఈ ఒక్క సూచన ఇంటివారికి అందినా పెద్ద మేలు.

రెండోది అలంకార పత్రం. ఏ భాగం ఏ పనితనంతో ఉంది, ఏది తర్వాత చేర్చినట్టు కనిపిస్తున్నది, స్థానికంగా ఆ పనిచేసే వృత్తికుటుంబాల జ్ఞాపకం ఏమిటి అన్నవి ఇందులో ఉంటాయి. మార్చిన పిడిని లోపంగా కాక, ఆ కత్తి జీవితంలో ఒక సంఘటనగా రాయాలి.

మూడోది పేరు పత్రం. కత్తి గురించి ఎవరు, ఎప్పుడు, ఏ సందర్భంలో, ఏ మాటల్లో చెప్పారో యథాతథంగా ఉండాలి. ఒకే కత్తి గురించి అన్నదమ్ముల ఇళ్లలో వేర్వేరు కథలుంటే రెండూ పాఠాంతరాలే. ఏది సరైనదో తేల్చే తొందర అవసరం లేదు. ఇంటివారి అనుమతి లేకుండా ఉన్నచోటును ప్రకటించకూడదు. పరిశోధనపత్రమే దొంగలకు దారిచూపే పటం కాకూడదు.

ఈ మూడు పత్రాల మధ్య గీత చెరపకూడదన్నది మూలనియమం. పేరు పత్రంలోని వీరుణ్ని చూపి ఉక్కు పత్రంలో శతాబ్ది వేయకూడదు. ఉక్కు పత్రంలోని శతాబ్దిని చూపి పేరు పత్రంలోని కథను కొట్టివేయకూడదు. అలంకారపు అందాన్ని చూపి రెండింటినీ పెంచకూడదు.

8. ముగింపు:

ఖడ్గం ప్రామాణికతను గురించిన చర్చ ఇంతవరకు ఎక్కువగా కొనేవాడి ప్రశ్న చుట్టూ తిరిగింది. ‘నేనిచ్చే ధరకు ఇది తగునా?’ అన్నదే ఆ ప్రశ్న. కాపాడేవారి ప్రశ్న వేరు. ‘ఇది మా చేతుల్లోనే ఎందుకుండాలి?’ అని వారు అడుగుతారు. మొదటి ప్రశ్నకు లోహశాస్త్రం, కళాచరిత్ర, చేతిమార్పిడుల పత్రాలు సమాధానమిస్తాయి. రెండోదానికి వీరగాథ, కొలుపు, వంశపరంపర సమాధానమిస్తాయి. ఒకరి సమాధానాన్ని మరొకరి ప్రశ్నకు అతికించినప్పుడే నకిలీ పుడుతుంది.

పాఠపరిష్కరణ నేర్పిన ఓర్పు ఈ గందరగోళానికి విరుగుడు. వేమన మకుటాన్ని చూసి ప్రతిపద్యాన్నీ వేమనకు కట్టబెట్టని పరిశోధన, ఆ మకుటాన్ని చెరిపివేయని పరిశోధన, పల్లెలోని తుప్పుపట్టిన కత్తినీ అలాగే చదవగలదు. దర్శి తాలూకా రాళ్లను 1905 నాటికే చదివి పెట్టిన నేలమీద ఇనుము ఇంకా చదవకుండా ఉంది. రాయిలా అది ఆగదు. ప్రతి వర్షాకాలానికీ కొంత తుప్పుగా రాలుతుంది, ప్రతి తరానికీ దాని కథ కొంత తరుగుతుంది.